పుస్తకము కొన్నవానిదా, అమ్మినవానిదా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయపు పుస్తకముల నమోదు రిజిస్టరు మొదటి సంపుటమును తిరుగవేసిన వారికి ఒక సంగతి వెంటనే కానవచ్చును. "కొన్నవి" అను పద్దులకంటె "దానముగా వచ్చినవి" అను పద్దులే హెచ్చు. ఊరిలో చదువరి యెవరైన కాలధర్మము నొందినపుడు కొడుకులో కోడండ్రో ఇంటనున్న పుస్తకములు గోనెసంచిలో వేసి యిచటికి పంపుట ఆచారమైపోయినది. అట్లు వచ్చిన భారతములు మూడు. అట్టలూడిన నవలలు లెక్కకు మించినవి. మొదటి పుటలపై నున్న సంతకములు చూచినచో గతించిన పెద్దలు వరుసగా కూర్చుండినట్లే యుండును.

రెండేండ్ల క్రిందట ఒక విశ్రాంత ఉపాధ్యాయులు దివంగతులైరి. చత్వారముచేత చిన్న అక్షరములు ఆనక, అక్షరములను కోరినంత పెద్దవిగా చూపు ఇ-పుస్తక యంత్రమును తెప్పించుకొని, కడపటి పదేండ్లును వారు దానిలోనే చదివిరి. కొన్న పుస్తకములు 212. ప్రతి పుస్తకమునకును పైకము చెల్లించినట్లు రసీదులు ఈమెయిలులో భద్రముగా నున్నవి. తండ్రి కోరిక ననుసరించి కుమారులు వానిని గ్రంథాలయమునకు ఈయ సంకల్పించి, అమ్మిన సంస్థకు వ్రాసిరి. సమాధానము మర్యాదగనే వచ్చినది: ఖాతా ఖాతాదారుతోనే సరి, మఱియొకరికి బదలాయింపు లేదు, పుస్తకములు విక్రయింపబడలేదు, చదువుకొనుటకు అనుమతి మాత్రమే యీయబడినది. రసీదులో "కొనుగోలు" అని యున్నది. నిబంధనలలో "అనుమతి" అని యున్నది. ఒకే వ్యవహారమునకు రెండు కాగితములు, రెండు అర్థములు.

భూమి వ్యవహారములు ఎఱిగిన వారికి ఈ భేదము క్రొత్తది కాదు. క్రయపత్రము వేఱు, కౌలు కాగితము వేఱు. క్రయపత్రము వ్రాసి, రిజిస్టరు చేయించి, స్వాధీనము చేసిన పిమ్మట అమ్మినవానికి ఆ చేనిగట్టుపై నిలుచుటకు కూడ హక్కు లేదు. కొన్నవాడు దానిలో వరి వేయవచ్చును, మామిడి నాటవచ్చును, బీడు పెట్టవచ్చును, కూతునకు పసుపుకుంకుమల క్రింద వ్రాసి యీయవచ్చును. కౌలుదారునకు అట్లు కాదు. గడువు కలదు, షరతు కలదు, యజమాని మొగము చూడవలసిన యక్కఱయు కలదు. రెండును న్యాయమైన వ్యవహారములే. కౌలును కౌలని చెప్పి యిచ్చినచో తప్పు పట్టువారు లేరు. క్రయపు వెల పుచ్చుకొని, క్రయమని రసీదిచ్చి, లోపలి కాగితమున కౌలని వ్రాయుటయే తగవునకు మూలము.

అచ్చు పుస్తకము విషయమున ఈ తగవు నూఱేండ్లకు పూర్వమే తీఱినది. అమెరికాలో బాబ్స్-మెరిల్ అను ప్రచురణ సంస్థవారు 1904లో "ది కాస్ట్‌అవే" అను నవలను ప్రకటించి, దానిలో ఒక హెచ్చరిక ముద్రించిరి. ఈ పుస్తకమును ఒక డాలరునకు తక్కువగా ఎవ్వరును అమ్మరాదు, అమ్మినచో మా హక్కునకు భంగము కలిగించినట్లే యని దాని తాత్పర్యము. న్యూయార్కులోని మేసీ దుకాణమువారు ఆ హెచ్చరికను చూచియు, 89 సెంట్లకే అమ్మిరి. వ్యాజ్యము సుప్రీంకోర్టు దాక పోయినది. 1908లో తీర్పు వచ్చినది: ప్రచురణకర్త తన ప్రతిని ఒకమాఱు తగిన వెలకు అమ్మినతోడనే ఆ ప్రతిపై అతని యధికారము తీఱిపోయినది, పుటపై హెచ్చరిక ముద్రించినంతమాత్రమున తరువాతి విక్రయమును కట్టడి చేయజాలడు. పుస్తకమును క్రొత్తగా అచ్చు వేయు హక్కు మాత్రము అతనియందే యుండును.

భారతదేశపు 1957 కాపీరైటు చట్టము ఇదే ధర్మమును మఱియొక రీతిని చెప్పినది. ఒకమాఱు అమ్ముడుపోయిన ప్రతి చెలామణిలో నున్న ప్రతిగా నెంచబడును. దానిని మరల నొరులకిచ్చుటకు గ్రంథకర్త యనుమతి అక్కఱలేదు. హైదరాబాదు ఆబిడ్సులో ఆదివారము కాలిబాటపై పఱచు పాత పుస్తకముల యంగడియు, ఈ ఊరి గ్రంథాలయమును ఈ యొక్క వాక్యముపైననే నిలిచియున్నవి. ఇరువదియైదేండ్లుగా ఇచట ఎన్ని పుస్తకములు ఎన్ని చేతులు మాఱినవో! ఒక్క పర్యాయమైనను ఏ ప్రచురణకర్తకును అర్జీ పెట్టుకొనవలసిన పని కలుగలేదు.

ఇ-పుస్తకము వచ్చుటతో ఈ నేల కదలినది. అది కాగితము కాదు, ఫైలు. ఫైలునకు నకలు తీయుట క్షణములో పని గనుక, అమ్మువారు దానికి తాళము వేసి పంపుదురు. తాళముచెవి కొన్నవాని చేతిలో నుండదు. ఖాతాతోడను యంత్రముతోడను ముడిపడి, సంస్థ సర్వరు ఔనన్నపుడు తెఱచుకొనును, కాదన్నపుడు తెఱచుకొనదు. దీనికి డిజిటల్ హక్కుల నిర్వహణ యని పేరు పెట్టిరి. ఎవరి హక్కుల నిర్వహణయో పేరులో చెప్పరైరి.

2009 జులై నెలలో అమెరికాలో జరిగిన వృత్తాంతము దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతము. అమెజాన్ సంస్థవారి కిండిల్ యంత్రములో జార్జి ఆర్వెల్ వ్రాసిన "1984", "యానిమల్ ఫారం" అను నవలలను కొందఱు కొనియుండిరి. ఒకనాడు యంత్రము తెఱచి చూడగా పుస్తకములు లేవు. పైకము తిరిగి ఖాతాలో జమ పడియున్నది. ఆ ప్రతులను కిండిల్ అంగడిలో పెట్టిన ప్రచురణకర్తకు అమెరికాలో ఆ నవలలపై హక్కు లేదట. ఆ సంగతి తెలిసినతోడనే అమెజాన్‌వారు దూరమునుండియే కొన్నవారి యంత్రములలోని ప్రతులను తుడిచివేసిరి. పాఠమునకై "1984"ను చదువుచుండిన యొక విద్యార్థి తన యంత్రములో వ్రాసికొనిన వ్యాఖ్యలు నిలిచినవి గాని, ఏ వ్యాఖ్య ఏ వాక్యమునకో చెప్పు మూలము పోయినది. ప్రభుత్వము పాత కాగితములను నిప్పులో వేసి జరిగిన దానిని జరుగలేదనిపించు కథయే ఆ నవల. దానినే తుడిచివేయుట చూచి లోకము నవ్వినది. సంస్థాధిపతి జెఫ్ బెజోస్ అదే నెలలో బహిరంగముగా క్షమాపణ చెప్పెను. విద్యార్థి వేసిన వ్యాజ్యము 1,50,000 డాలర్ల రాజీతో ముగిసినది.

ఆర్వెల్ 1903లో బీహారులోని మోతిహారిలో పుట్టి, 1950లో మరణించెను. భారతదేశమున గ్రంథకర్త మరణించిన పిమ్మట 60 సంవత్సరములే కాపీరైటు గనుక, 2011 జనవరి 1 నుండి ఆ నవలలు ఈ దేశమున ఎవరైన అచ్చు వేసికొనదగినవి. అమెరికాలో మాత్రము "1984"పై హక్కు 2044 వఱకును తీఱదు. ఒకే పుస్తకము ఒకచోట ఊరుమ్మడి చెఱువు, మఱియొకచోట పట్టా భూమి!

ఇచట ప్రతిపక్షపు మాటయు వినవలెను. హక్కు లేనివాడు అమ్మిన వస్తువును మరలించుట తప్పా యని వారు అడుగుదురు. ఈ ప్రశ్న ధర్మశాస్త్రకారులకు తెలియనిది కాదు. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో మూడవది అస్వామివిక్రయము. అనగా, తనది కాని దానిని అమ్ముట. యాజ్ఞవల్క్యుడును దీనిని విపులముగా విచారించెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. దాని నాధారము చేసికొని 13వ శతాబ్దమున కేతన "విజ్ఞానేశ్వరము"ను తెలుగున రచించెను. యాజ్ఞవల్క్యుని నిర్ణయ మిది: తన సొత్తును ఒరుడమ్మినచో అసలు యజమాని దానిని తిరిగి పొందును; కొన్నవాడు అమ్మినవానిని చూపినచో నిర్దోషి; అమ్మినవాని వలన యజమానికి వస్తువును, రాజునకు దండుగయు, కొన్నవానికి వెలయు రావలెను. ఇంతవఱకు అమెజాన్‌వారి పక్షమే కొంత గట్టిది. వెల తిరిగి యిచ్చిరి గదా.

కాని ఆ స్మృతిలోనే మఱియొక మాట కలదు. పోయిన తన వస్తువును, దొంగిలింపబడిన తన వస్తువునే యైనను, రాజునకు నివేదింపక పరుల చేతినుండి తానే లాగికొన్న యజమానికి 96 పణములు దండుగ. దొంగకు కాదు, కొన్నవానికి కాదు; అసలు సొంతదారునకు! సొత్తు తనదే యైనను ఒకని యింటిలోనికి పోయి తీసికొనుటకు తానే న్యాయాధిపతి కారాదని దీని భావము. అమెజాన్‌వారు అసలు యజమానులైనను కారు, అంగడి నడుపువారు. న్యాయస్థానపు ఉత్తరువు లేదు, కొన్నవారికి ముందుగా వర్తమానము లేదు. రాత్రికి రాత్రి వచ్చి, బీరువా తెఱచి, పుస్తకము తీసికొని, బల్లపై రూపాయలు పెట్టిపోయిన పుస్తకవిక్రేతను ఏ ఊరివారైన పోలీసుఠాణాకు పంపకుందురా? కంప్యూటరు తీగమీదుగా వచ్చినంతమాత్రమున ఆ పని మఱియొకటి కాదు.

పిదప రాజీలో, కొన్నవాని సమ్మతి గాని, న్యాయస్థానపు ఉత్తరువు గాని, మఱికొన్ని నిర్ణీత కారణములు గాని లేక అమెరికాలోని యంత్రములనుండి పుస్తకములు తొలగింపమని ఆ సంస్థ యొప్పుకొన్నది. మంచిదే. అయినను తుడువగల శక్తి వారి చేతిలోనే యున్నది. తుడువమన్న మాట మాత్రమే కొన్నవాని చేతిలో నున్నది.

ఇందు దురుద్దేశము ఉండవలెనను నియమమును లేదు. మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఇ-పుస్తకముల యంగడి లాభసాటి కాదని తలచి 2019లో మూసివేసినది. ఆ యేటి జులైలో అచట కొన్న పుస్తకములన్నియు తెఱచుకొనుట మానినవి. పైకము పూర్తిగా తిరిగి యిచ్చిరి. వ్యాఖ్యలు వ్రాసికొన్నవారికి మఱి 25 డాలర్లు చేర్చి యిచ్చిరి. లెక్కలో దోషము లేదు. కాని అంగడి మూతపడినచో ఇంటనున్న పుస్తకములు మాయమగుట అచ్చుయంత్రము పుట్టినది మొదలు ఎవరును వినని విడ్డూరము. బెజవాడలో ఎన్ని పుస్తకాలయములు మూతపడలేదు! వారు వేసిన పుస్తకములు ఇప్పటికిని ఈ బీరువాలలో నున్నవి.

"కొనుట" అను మాటపై తగవు తుదకు చట్టసభ కెక్కినది. కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో చేసిన చట్టము 2025 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. సంస్థ వెనుకకు తీసికొనజాలని రీతిని అమ్మిననే గాని, లేదా ఇది అనుమతి మాత్రమే యని కొనువానికి స్పష్టముగా తెలిపిననే గాని, డిజిటల్ వస్తువులకు "కొనుము" అను మాట వాడరాదని దాని సారము. ఆ 2025లోనే ఫిబ్రవరి 26 నుండి, కొన్న కిండిల్ పుస్తకములను కంప్యూటరులోనికి దించుకొని తీగద్వారా యంత్రమునకు చేర్చు పాత సదుపాయమును అమెజాన్‌వారు తీసివేసిరి. కౌలని నోటితో చెప్పుట మొదలైనది. గట్టు మాత్రము ఇంకను బిగిసినది.

గ్రంథాలయములకు వచ్చిన చిక్కు దీనికంటె పెద్దది. 2011లో హార్పర్‌కాలిన్స్ ప్రచురణకర్తలు అమెరికా గ్రంథాలయములకు ఒక నిబంధన పెట్టిరి: ఒక్కొక్క ఇ-పుస్తకమును 26 మాఱులు మాత్రమే ఎరువీయవలెను, 27వ మాఱునకు మరల కొనవలెను. ఒక చదువరికి పదునాలుగు దినములు గడువన్నచో ఇరువదియాఱు పదునాలుగులు 364 దినములు. అనగా, ఎడతెగక చదువబడు పుస్తకమునకు ఆయుర్దాయము సంవత్సరము. ఎక్కువమంది చదువు పుస్తకమే త్వరగా చచ్చునన్నమాట. ఈ గ్రంథాలయపు మొదటి యేటి పుస్తకములలో నూఱు మాఱులకు పైగా ఎరువు పోయి, రెండు మాఱులు బైండు కట్టించుకొని, ఇంకను పిలిచిన పలుకునవి కలవు. మఱియొక సంస్థయగు మాక్మిలన్‌వారు 2019 నవంబరులో, క్రొత్త పుస్తకమునకు మొదటి ఎనిమిది వారములలో ఒక గ్రంథాలయ వ్యవస్థ కంతకును ఒక్కటే ఇ-ప్రతి యని నియమించిరి. గ్రంథపాలకులు ఊరకుండలేదు, కొనుటయే మానిరి. 2020 మార్చిలో ఆ నియమము రద్దైనది. తగిన చోట ససేమిరా యనుటయు గ్రంథపాలకుని విధులలో నొకటి.

తాళము లేకున్న గ్రంథకర్తలు పస్తులుందురను వాదము తేలికగా తీసివేయదగినది కాదు. తెలుగున వ్రాసి బ్రతికినవారు ఎందఱు? పుస్తకము అచ్చు వేయుటకు పొలము అమ్మినవారి పేరులు ఈ సభవారికి తెలియనివి కావు. గ్రంథకర్తకు రావలసిన పైకము ఎగవేసి నకళ్లు పంచువాడు దొంగయే. ఫోనులో వచ్చినది గనుక ఉచితమని తలచు యువకులు ఈ మాట చెవిని పెట్టవలెను. కాని తాళము దొంగను ఆపినట్లు కనబడదు. వెల యిచ్చి కొన్నవానినే ఆపుచున్నది. పాటల విషయమున ఈ భయమే యుండగా, ఆపిల్‌వారు 2009లో తమ యంగడిలోని పాటలకు తాళములు తీసివేసిరి. సంగీత వ్యాపారము మునిగిపోలేదు. వైజ్ఞానిక కల్పితగాథలు ప్రకటించు టోర్ సంస్థవారు 2012లో తమ ఇ-పుస్తకములకు తాళములు తీసి, నేటికిని పుస్తకములు అమ్ముచునే యున్నారు.

నకలు అనినంతనే పాపమని తలచుట తెలుగు సాహిత్యచరిత్ర నెఱుగనివారి మాట. తాటాకు నూఱు రెండునూఱుల యేండ్లకు చెదలకో తేమకో లోబడును. తిక్కన భారతము అచ్చు దాక వచ్చినదనిన, తరతరమునకు ఎవరో యొకరు గంటము పట్టి మరల వ్రాసినందుననే. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను పెట్టుకొని, తన చేతి సొమ్ము వెచ్చించి, ఊరూరి ప్రతులను తెప్పించి, సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో అచ్చు వేయించెను. ఆ తాటాకులకు తాళము వేసి, చెవి లండనులో నుంచి, "మఱియొకరికి బదలాయింపు లేదు" అని వ్రాసియుండినచో బ్రౌను చేతికి దొరకునది చెద మాత్రమే. ఇ-పుస్తకము తాటాకుకంటె బలహీనము. చెద పట్టుటకు ఏండ్లు కావలెను. సర్వరు ఆపుటకు ఒక నిమిషము చాలును.

తెలుగువారికి దీనిలో మఱియొక చిక్కు చేరినది. ఇరువది ముప్పది యేండ్ల క్రిందట డి.టి.పి. దుకాణములలో కూర్చిన ఫైలు ఆ దుకాణపు ఫాంటు లేనిచోట తెఱచినచో గజిబిజి గుర్తులే కనబడును. యూనికోడ్ తొలి కూర్పు 1991లోనే తెలుగు లిపికి స్థానమిచ్చినను, అచ్చాఫీసులు ఆ వైపు తిరుగుటకు చాలకాలము పట్టినది. తాళము వేయకయే తాళము పడిన పుస్తకము లవి!

ఈ దేశపు చట్టము కొంత దయగలది. 2012 సవరణ ప్రకారము, హక్కును భంగపఱచు నుద్దేశముతో తాళము విఱిచినవానికి రెండేండ్ల వఱకు శిక్ష కలదు. కాని చట్టము నిషేధింపని పనికై విఱిచినవానికి ఆ నిబంధన యడ్డురాదు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయము తనయొద్ద అచ్చు ప్రతి యున్న పుస్తకమును భద్రపఱచుటకై కంప్యూటరులో నకలు దాచుకొనవచ్చునని అదే సవరణ స్పష్టముగా చెప్పినది. కాపీరైటు గడువు తీఱిన పుస్తకములకు ఏ ఆటంకమును లేదు. గురజాడ, కందుకూరి, చిలకమర్తి రచనలు ఎప్పుడో విడుదలైనవి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయిరి గనుక, జీవితకాలమున వారు ప్రకటించినవి 2022 జనవరి 1 నుండి అందఱివి. జాషువ 2032లో, విశ్వనాథ 2037లో, చలము 2040లో, శ్రీశ్రీ 2044లో అట్లగుదురు. ఈ గడువు మొదట 50 ఏండ్లే. రవీంద్రుని రచనలపై హక్కు తీఱిపోవు తరుణమున, 1992లో, 60కి పెంచిరి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి అమెరికాలో కంప్యూటరు శాస్త్రమున పేరుగాంచిన రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకములను కంప్యూటరున కెక్కింపవలెనని పూనుకొన్న ఫలముగ, వేలకొలది పాత తెలుగు పుస్తకములు నేడు ఎవరైన దించుకొని చదువదగి యున్నవి. వానికి తాళములు లేవు.

ఈ గ్రంథాలయ కార్యవర్గమువారు రజతోత్సవ సంవత్సరమున చేసిన నిర్ణయము సబబుగా నున్నది. ఇ-పుస్తకమును నమోదు రిజిస్టరులో వ్రాయుటకు ముందు ఒక పరీక్ష పెట్టవలెను: ఇంటర్నెట్టు తీగ ఊడదీసి, గ్రంథాలయపు కంప్యూటరులో ఫైలును తెఱువవలెను, దానిని మఱియొక డిస్కునకు ఎక్కించి అచటను తెఱువవలెను. రెండుచోట్లను తెఱచుకొన్నచో పుస్తకముల పద్దున వ్రాయుట. లేనిచో, దానికి చెల్లించిన పైకమును పుస్తకముల క్రింద గాక అద్దెల క్రింద ఖర్చు వ్రాయుట. అద్దెకు తీసికొనుట తప్పు కాదు. అద్దెను ఆస్తిగా చూపుటయే లెక్కలో తప్పు.

ఉపాధ్యాయులవారి కుమారులు తుదకు ఆ యంత్రమునే తెచ్చి గ్రంథాలయమున కిచ్చిరి. లోపలి పుస్తకముల జాబితా పెద్దకుమారుడు చేతితో వ్రాసి జతపఱచినాడు. 212 పేరులలో ఇప్పటికి 37 పుస్తకములు కాగితపు ప్రతులుగా సంపాదింపబడినవి. కొన్ని కొన్నవి, కొన్ని చందాదారులు తమ యిండ్లనుండి తెచ్చినవి. తక్కినవాని జాబితా గ్రంథాలయపు తలుపునకు అంటింపబడియున్నది. యంత్రము రెండవ బీరువాలో, క్రింది అరలో నున్నది. రిజిస్టరులో దానిని బల్లలు, కుర్చీలు, గడియారము నున్న పుటలో నమోదు చేసిరి.